బీపీ మాత్ర వేసుకుంటూ రోజూ 45 నిమిషాలు ఇన్‌ఫ్రారెడ్ సౌనాలో కూర్చోవచ్చా?

ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా ఇక్కడ పెడతాను, తర్వాత వచ్చి చదివేవాళ్ళకి తెలియాలి కదా. మీ వయసు 46. మూడేళ్ళుగా బీపీకి మాత్ర వేసుకుంటున్నారు, అందులో ఒంట్లో నీరు తగ్గించే మందు కూడా కలిసి ఉంది. మీరు వెళ్ళే జిమ్‌లో కొత్తగా ఇన్‌ఫ్రారెడ్ సౌనా, అంటే వేడి కిరణాలతో చెమట పట్టించే గది, పెట్టారు. "రోజూ 45 నిమిషాలు కూర్చోండి, ఒంట్లో మలినాలన్నీ చెమటలో పోతాయి, బరువు కూడా తగ్గుతారు" అన్నారు అక్కడివాళ్ళు. మొదటిరోజు హాయిగా ఉంది. రెండోరోజు బయటికొచ్చి రెండడుగులు వేయగానే కళ్ళు బైర్లు కమ్మి గోడ పట్టుకుని నిలబడ్డారు. ఇది అలవాటైతే పోతుందా, లేక మానేయాలా అన్నది మీ సందేహం. చివర్లో 70 ఏళ్ళ అమ్మగారిని మోకాళ్ళ నొప్పులకి తీసుకెళ్ళొచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే: పూర్తిగా మానేయనక్కర్లేదు. కానీ "45 నిమిషాలు", "రోజూ" అన్న రెండు మాటలూ మర్చిపోండి. ముందు మీకు మందు రాసిన డాక్టర్‌ని అడగండి, అప్పటిదాకా వెళ్ళకండి. ఆయన సరే అంటే తక్కువ వేడిలో 10 నిమిషాలతో, వారానికి రెండుసార్లతో మొదలుపెట్టండి. నెల తర్వాత 15, మహా అయితే 20. మీ పరిస్థితిలో అంతకుమించి కూర్చున్నందువల్ల అదనంగా వచ్చే లాభం నాకైతే ఎప్పుడూ కనబడలేదు. ఇక ఆ కళ్ళు తిరగడం ఉందే, అది అలవాటు చేసుకోవాల్సిన విషయం కాదు. ఆ క్షణంలో మీ బీపీ పడిపోయింది. అంతే.

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. ఓ పునరావాస కేంద్రంలో 11 ఏళ్ళుగా పనిచేస్తున్నాను, అందులో ఏడేళ్ళుగా అక్కడి ఇన్‌ఫ్రారెడ్ గది బాధ్యత నాదే. ఎవరిని లోపలికి పంపాలి, ఎంతసేపు, ఎవరిని వెనక్కి పంపాలి అన్నది రోజూ చూసుకునే పని. డాక్టర్‌ని కాను కాబట్టి మందుల మార్పు గురించి ఒక్క మాట కూడా చెప్పను. గది గురించి, అందులో కూర్చున్న మనిషికి జరిగేదాని గురించి మాత్రం ధైర్యంగా చెప్పగలను.

ఆ గదిలో ఏం జరుగుతుందో తెలిస్తే మీకు కళ్ళెందుకు తిరిగాయో దానంతటదే అర్థమవుతుంది. మామూలు ఫిన్లాండ్ తరహా సౌనాలో పొయ్యి మీద రాళ్ళు కాగి, గాలి 80 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. ఆ గాలి మనల్ని వేడెక్కిస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ గదిలో గాలి 45 నుంచి 60 డిగ్రీల దగ్గరే ఉంటుంది, చుట్టూ ఉన్న ప్యానెళ్ళు వేడిని కిరణాల రూపంలో నేరుగా చర్మం మీదికి పంపుతాయి. చలికాలం పొద్దున ఎండలో కూర్చుంటే గాలి చల్లగా ఉన్నా ఒళ్ళు వెచ్చబడుతుంది చూడండి, అలాంటిదే. ఈ కిరణాల్ని 1800లో విలియం హెర్షెల్ కనిపెట్టాడు. గాజు పట్టకంతో సూర్యకాంతిని రంగులుగా విడగొట్టి, ఒక్కో రంగులో థర్మామీటర్ పెట్టి చూస్తుంటే, ఎరుపు దాటాక, కంటికి ఏమీ కనబడని చోట కూడా వేడి చూపించిందట.

అక్కడివాళ్ళు మీకు "ఈ కిరణాలు ఒంట్లోకి అంగుళాల లోతున దిగి లోపల్నుంచి వేడెక్కిస్తాయి" అని కూడా చెప్పే ఉంటారు. నమ్మకండి. ఇలాంటి గదుల్లో ఎక్కువగా వాడేది ఫార్ ఇన్‌ఫ్రారెడ్, అంటే ఇన్‌ఫ్రారెడ్‌లోనే తరంగాల పొడవు ఎక్కువున్న రకం. నీరు దాన్ని ఇట్టే పీల్చేసుకుంటుంది, మన చర్మంలో ఉన్నదంతా నీరేనాయె. అందుకే అది పైన మిల్లీమీటర్‌లో చిన్న వంతు దాటకముందే వేడిగా మారిపోతుంది. తరంగాల పొడవు తక్కువున్న నియర్ ఇన్‌ఫ్రారెడ్ అయితే కొన్ని మిల్లీమీటర్లు వెళ్తుంది. అంతకన్నా లోపలికి వేడిని మోసుకెళ్ళేది కిరణం కాదు, మీ రక్తం. ఇంకో తమాషా, మన ఒళ్ళు కూడా ఎప్పుడూ ఫార్ ఇన్‌ఫ్రారెడ్ వెదజల్లుతూనే ఉంటుంది, సుమారు 9 నుంచి 10 మైక్రాన్ల తరంగాల దగ్గర (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). "మానవ శరీరంతో సరిపోలే ప్రత్యేక తరంగం" అని ప్రకటనల్లో రాసేది దీన్నే. పక్కన మనిషి కూర్చున్నా మీకు ఆ తరంగం అందుతుంది!

అసలు కథ రక్తానిది. చర్మం వేడెక్కగానే చర్మంలోని రక్తనాళాలు విచ్చుకుంటాయి. లోపలున్న రక్తం బోలెడంత చర్మం వైపు మళ్ళుతుంది. బీపీ నిలబెట్టడానికి గుండె వేగం పెంచుతుంది, నిమిషానికి 70 కొట్టేది 100, 120 దాకా వెళ్తుంది. హాయిగా అనిపించడం, ఒళ్ళు వదులైనట్టుండటం, తర్వాత బాగా నిద్రపట్టడం, అన్నీ ఈ మార్పు వల్లే. అదే సమయంలో చెమట రూపంలో నీరు పోయి, తిరిగే రక్తం పరిమాణం కొంచెం తగ్గుతుంది. కూర్చున్నంతసేపూ ఎలాగో సర్దుకుంటుంది. లేచి నిలబడ్డారనుకోండి, విచ్చుకున్న నాళాల్లోంచి రక్తం ఒక్కసారిగా కాళ్ళలోకి జారుతుంది, మెదడుకి తగ్గుతుంది. కళ్ళు బైర్లు కమ్మేది అప్పుడే.

మీ విషయంలో దీనికి మాత్ర తోడైంది. బీపీ మందు చేసే పనీ నాళాల్ని వదులు చెయ్యడమో, నీరు తగ్గించడమో, గుండెని నెమ్మదింపజెయ్యడమో. వేడి కూడా అందులో రెండు పనులు చేస్తోంది. మాత్ర మీద మాత్ర వేసుకున్నట్టే అనుకోండి.

అందుకే నేను అందరికీ చెప్పేది: ఈ గదిలో ప్రమాదకరమైన నిమిషం లోపల కూర్చున్నది కాదు, లేచి బయటికొచ్చే నిమిషం. జనం లోపల ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు అని లెక్కలేసుకుంటారు, లేవడం గురించి ఎవరూ ఆలోచించరు.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మా దగ్గరికి ఒకాయన వచ్చేవారు, సైకిల్ పోటీలకి వెళ్ళే మనిషి, 30 దాటి ఉంటాయి, ఏ మందూ లేదు, గుండె గుర్రం లాంటిది. స్నేహితుడితో పందెం వేసుకుని 40 నిమిషాలు కూర్చున్నారు. ఆ రోజు టైమర్ నేను పెట్టి పక్క గదిలో వేరే పేషెంట్ దగ్గరికి వెళ్ళాను, ఆయన లోపల్నుంచే దాన్ని మళ్ళీ తిప్పుకున్నారు. చటుక్కున లేచి తలుపు తీసి, అడుగు బయట పెట్టి, అక్కడే సొమ్మసిల్లి పడ్డారు. గడ్డం తలుపు చట్రానికి తగిలి మూడు కుట్లు పడ్డాయి. ఏళ్ళ తరబడి వ్యాయామం చేసే మనిషికే అలా అయిందంటే అర్థం చేసుకోండి, దీనికి ఫిట్‌నెస్‌తో పని లేదు. అసలు మంచి క్రీడాకారుల్లో విశ్రాంతి సమయపు బీపీ, గుండె వేగం తక్కువగా ఉంటాయి కాబట్టి లేవగానే తూలడం వాళ్ళలో తరచూ చూస్తాను. ఆ తర్వాత తలుపు బయట ఆనుకునే కుర్చీ వేయించాను, టైమర్ మీటని లోపల్నుంచి తీసేయించాను. తప్పు ఆయనదెంతో నాదీ అంతే. గది నా బాధ్యత.

ఇప్పుడు నేను పాటించే పద్ధతి చెప్తాను. మీ డాక్టర్ ఒప్పుకుంటే మీరూ ఇదే చెయ్యొచ్చు.

వెళ్ళేముందు గంటలో రెండు గ్లాసుల నీళ్ళు తాగండి, ఒకేసారి కాదు. కడుపు నిండా తిని వెళ్ళకండి, ఉపవాసంతోనూ వెళ్ళకండి. బరువు చూసుకోండి. వీలైతే బీపీ కూడా. నా గదిలో పై అంకె 100 కన్నా తక్కువ ఉన్నా, 160 దాటి ఉన్నా ఆ రోజుకి వద్దంటాను. ఇది నేను పెట్టుకున్న గీత, మీ డాక్టర్ ఇంకోటి చెప్తే అదే పాటించండి. గొలుసులు, ఉంగరాలు, వాచీ తీసేయండి, లోహం కిరణాలకి వేడెక్కి చర్మాన్ని చుర్రుమనిపిస్తుంది. కాంటాక్ట్ లెన్సులు కూడా తీసేస్తే నయం, కళ్ళు పొడిబారతాయి. జిమ్ చేసిన వెంటనే దూరిపోవద్దు. వ్యాయామంలో అప్పటికే నీరు పోయి, ఒళ్ళు వేడెక్కి ఉంటుంది. కనీసం 20 నిమిషాలు ఆగి, నీళ్ళు తాగి, గుండె వేగం మామూలైన తర్వాతే. మీకు రెండోరోజు జరిగింది వర్కౌట్ తర్వాతేనని నా అనుమానం, మీ ప్రశ్నలో ఆ ముక్క రాయలేదు.

మొదటి నెల 45 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు. ఒళ్ళు వేడికి అలవాటు పడటానికి సుమారు ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ అలవాటంటే త్వరగా చెమట పట్టడం, చెమటలో ఉప్పు తగ్గడం, రక్తంలో నీటి భాగం పెరగడం. తూలడాన్ని ఓర్చుకోవడం కాదు. అయినా రోజూ కాకుండా వారానికి రెండు మూడుసార్లే వెళ్ళేవారికి ఆ అలవాటు పూర్తిగా రాదు, వచ్చినా కొన్ని రోజులు మానేస్తే పోతుంది. కాబట్టి ఊరెళ్ళి నెల తర్వాత తిరిగొస్తే మళ్ళీ 10 నిమిషాల దగ్గర్నుంచే.

థర్మామీటర్‌ని మరీ నమ్ముకోకండి. అది సాధారణంగా గోడకి పైన ఎక్కడో ఉంటుంది, గాలి వేడినే చెప్తుంది. మీ వీపుకి జానెడు దూరంలో ఉన్న ప్యానెల్ ఎంత వేడి పంపిస్తోందో దానికి తెలియదు. "50 డిగ్రీలే కదా, ఏముందిలే" అనుకునేవాళ్ళే ఎక్కువసేపు కూర్చుని దెబ్బతింటారు. మీ ఒంటినే చూసుకోండి: మాట్లాడితే పూర్తి వాక్యం తడబాటు లేకుండా వస్తోందా, గుండె దడ ఉందా, తల బరువెక్కిందా. వాంతి వచ్చేలా ఉండటం, తలనొప్పి, ఉన్నట్టుండి చెమట ఆగిపోవడం, చలిగా రోమాలు నిక్కబొడుచుకోవడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఇంకొక్క నిమిషం కూడా కూర్చోవద్దు. బీటా బ్లాకర్ రకం బీపీ మాత్ర వాడేవాళ్ళకి ఇంకో తిరకాసు ఉంది. ఆ మందు గుండె వేగాన్ని పెరగనివ్వదు. చేతి గడియారంలో నాడి 85 దగ్గరే ఉంది కాబట్టి బాగానే ఉన్నాననుకుంటారు, అది మందు చూపిస్తున్న అంకె.

ఇక లేవడం. సమయం అయిపోయాక హీటర్ ఆపి, తలుపు తీసి, లోపలే రెండు నిమిషాలు కూర్చోండి. కాలి పిక్కల్ని బిగించి వదలండి, ఓ ఇరవైసార్లు. పిక్కలు బిగిస్తే కాళ్ళలో నిలిచిన రక్తం పైకి తోసినట్టవుతుంది. ఏదైనా పట్టుకుని లేవండి, లేచాక పది లెక్కపెట్టేదాకా అక్కడే నిలబడండి. బయట కూర్చోండి, వీలైతే పడుకోండి, కనీసం 10 నిమిషాలు. వేడి వేడి స్నానం వెంటనే వద్దు, మంచునీళ్ళలో దూకడం అంతకన్నా వద్దు. బీపీ ఉన్న మనిషికి విచ్చుకున్న నాళాలు ఒక్కసారిగా ముడుచుకుంటే బీపీ అమాంతం ఎగబాకుతుంది. ఈ మధ్య వీడియోల్లో సౌనాలోంచి నేరుగా ఐసు తొట్టిలోకి దూకేవాళ్ళని చూసి చాలామంది అడుగుతున్నారు. వాళ్ళ గుండె వాళ్ళది, మీ గుండె మీది.

బరువు మళ్ళీ చూసుకోండి. 20 నిమిషాలకి 200 నుంచి 400 గ్రాములు తగ్గడం నేను సాధారణంగా చూస్తాను. అదంతా నీరే. తగ్గిన ప్రతి 100 గ్రాములకి 100 మిల్లీలీటర్ల పైచిలుకు లెక్కన, ఓ గంటలో మెల్లగా తాగేయండి. మామూలుగా తిండి తినేవాళ్ళకి ఉప్పు కోసం విడిగా ఏమీ అక్కర్లేదు. చెమట ఎక్కువ పట్టిందని లీటర్లకి లీటర్లు ఒట్టి నీళ్ళు గడగడా తాగడం కూడా మంచిది కాదు, రక్తంలో సోడియం పలచబడుతుంది. నీరు తగ్గించే మాత్ర వాడే మీకు అది ఇంకా ముఖ్యం, ఆ మాత్ర సోడియాన్నీ లాగుతుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఒట్టిగా "సౌనాకి వెళ్ళొచ్చా?" అని అడిగితే ఒట్టిగా "వద్దులెండి" అనే జవాబొస్తుంది. ఇలా అడగండి: "45 డిగ్రీల గదిలో 10 నిమిషాలు, వారానికి రెండుసార్లు. ఆ రోజు మాత్ర ఎప్పుడు వేసుకోవాలి? ఎంత బీపీ ఉంటే వెళ్ళకూడదు?" ఆ మాత్ర వేళల్ని మీ అంతట మీరు మార్చుకోకండి. సౌనా కోసం ఒక పూట మాత్ర మానేసినవారిని చూశాను, ఆ రాత్రి బీపీ పెరిగి పరుగులు పెట్టాల్సొచ్చింది.

మిగతా మందుల సంగతి కూడా చెప్పేస్తాను, మీకు కాకపోయినా చదివేవారిలో ఎవరికైనా పనికొస్తుంది. ఒంటికి అతికించుకునే మందుల పట్టీలు, ముఖ్యంగా నొప్పికి వాడే ఫెంటానిల్ పట్టీ ఉంటే గదిలో అడుగే పెట్టొద్దు, వేడికి మందు ఒక్కసారిగా ఎక్కువ లోపలికి వెళ్ళి ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. ఇన్సులిన్ పొడిపించుకుని వెంటనే కూర్చుంటే అది తొందరగా పనిచేసి షుగర్ పడిపోతుంది, పైగా ఆ చెమట షుగర్ తగ్గినందుకా, వేడికా అన్నది తెలియదు. మానసిక సమస్యలకి లిథియం వాడేవారికి నీరు తగ్గితే రక్తంలో మందు మోతాదు పెరుగుతుంది. మగవాళ్ళలో ప్రోస్టేట్‌కి వాడే టామ్సులోసిన్ లాంటివి లేవగానే బీపీని పడేస్తాయి. జలుబుకీ, దురదకీ వేసుకునే కొన్ని పాతరకం మాత్రలు చెమటనే తగ్గిస్తాయి, చెమట పట్టకపోతే ఒళ్ళు చల్లబడే దారే మూసుకుపోయినట్టు. మద్యం గురించి ఒక్క ముక్క: తాగి వెళ్ళకండి, ముందురోజు రాత్రి బాగా తాగి ఉన్నా వెళ్ళకండి. ఫిన్లాండ్‌లో సౌనా మరణాల్ని పరిశీలించినప్పుడు పదేపదే కనబడింది మద్యమే.

అసలు వెళ్ళకూడనివారు: ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు, కూర్చున్నా ఛాతీనొప్పి వచ్చేవారు, బృహద్ధమని కవాటం (గుండెలోంచి రక్తం ఒంటికి వెళ్ళే ద్వారం) బాగా ఇరుకైనవారు, జ్వరంతో, విరేచనాలతో ఉన్నవారు. గర్భిణులు, అందులోనూ మొదటి 3 నెలల్లో, ఎందుకంటే తల్లి ఒంటి వేడి 39 డిగ్రీలు దాటడానికీ, బిడ్డ వెన్నుపాము లోపాలకీ సంబంధం కనబడింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ (నరాల పైపూత దెబ్బతినే జబ్బు) ఉన్నవారికి ఒళ్ళు కాస్త వేడెక్కినా చూపు మసకబారడం, కాళ్ళు బలహీనపడటం జరుగుతుంది, శ్రమ చేశాక చూపు ఇలా మసకబారడాన్ని 1890లోనే ఊట్‌హాఫ్ అనే జర్మన్ నేత్రవైద్యుడు గమనించి రాశాడు. చల్లబడితే తగ్గిపోతుంది గానీ గది లోపల కాళ్ళు సహకరించకపోతే బయటికి రావడం ఎలా? పిల్లల కోసం ప్రయత్నిస్తున్న మగవాళ్ళు కూడా కొన్ని నెలలు ఆగడం మంచిది. వృషణాలు ఒంటికన్నా 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉండాలి, వీర్యకణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. ఇవాళ్టి వేడి ప్రభావం ఎప్పుడో తర్వాత కనబడుతుంది. మానేస్తే నెలల్లో మళ్ళీ మామూలవుతుందిలెండి.

షుగర్ వల్ల పాదాల స్పర్శ తగ్గినవారి గురించి విడిగా చెప్పాలి. మా గదిలో ఒకావిడ పిక్క ప్యానెల్ జాలీకి ఆనించి కూర్చున్నారు. ఆవిడకి తెలియలేదు. బయటికొచ్చాక నేనే చూశాను, అరచేతి వెడల్పున ఎర్రగా కమిలి, సాయంత్రానికి బొబ్బ ఎక్కింది. అది మానడానికి ఏడు వారాలు పట్టింది. స్పర్శ లేని చోట నొప్పి చెప్పే హెచ్చరిక ఉండదు. అప్పట్నుంచి షుగర్ ఉన్న ప్రతి ఒక్కరికీ దూదితో పాదాలు, పిక్కలు తాకి చూస్తాను, తెలియలేదంటే పంపను. ఇంకో చర్మ సమస్య, ఏళ్ళ తరబడి ఒకే చోట వేడి తగిలితే వలలాంటి గోధుమరంగు మచ్చలొస్తాయి. పొయ్యి ముందు కూర్చునేవారికీ, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకునేవారికీ వచ్చేవే ఇవి. కనబడితే ఆపేయండి. కళ్ళు మూసుకుని కూర్చోండి, మెరిసే దీపాల్లా ఉండే నియర్ ఇన్‌ఫ్రారెడ్ బల్బులు ఉన్న గదైతే వాటివైపు చూడనే చూడొద్దు. గాజు ఊదే కార్మికులకి ఏళ్ళ తరబడి కొలిమి చూసి కంటిశుక్లాలు రావడం వైద్యంలో పాత సంగతే.

మీరు నమ్మి వెళ్ళిన రెండు లాభాల దగ్గరికి వద్దాం.

మలినాలు: చెమటలో 99 శాతం నీరు, మిగిలింది ఎక్కువగా ఉప్పు. కొన్ని లోహాలు అతి స్వల్పంగా ఉంటాయి నిజమే, కానీ ఒంటిని శుభ్రం చేసే పని లివర్‌ది, కిడ్నీలది. పైగా నీరు బాగా పోగొట్టుకుంటే కిడ్నీకే రక్తం తగ్గుతుంది. శుభ్రం చేసేవాడి నోరు ఎండబెట్టి ఇల్లు శుభ్రమైందనుకోవడం ఇదే.

బరువు: వ్యాయామంలో వేడి మన కండరాలు ఇంధనం కాల్చడం వల్ల పుడుతుంది. ఇక్కడ వేడి గోడలోంచి వస్తోంది. గుండె వేగం కాస్త పెరిగినందుకు కొద్దిగా ఖర్చవుతుంది, అది లెక్కలోకి రాదు. కరిగేది కొవ్వు కాదు, కరెంటు.

మరి ఏమీ లాభం లేదా అంటే, ఉంది. జపాన్‌లో కగోషిమా విశ్వవిద్యాలయంలో చువా తెయి బృందం గుండె బలహీనపడినవారికి వాఓన్ థెరపీ అని ఒకటి రూపొందించింది. 60 డిగ్రీల ఫార్ ఇన్‌ఫ్రారెడ్ గదిలో 15 నిమిషాలు, తర్వాత దుప్పట్లు కప్పి 30 నిమిషాలు పడుకోబెట్టడం, తగ్గిన బరువుకి సమానంగా నీళ్ళు తాగించడం. చిన్న అధ్యయనాల్లో ఫలితాలు బాగున్నాయి. 2016లో వెలువడిన పెద్ద పరీక్షలో కొన్ని లక్షణాలు మెరుగైనా, ముఖ్యంగా చూడాలనుకున్న రక్తపరీక్షలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. నాకు ఇక్కడ నచ్చేది ఫలితం కన్నా పద్ధతి. గుండె జబ్బు మీద ఇంత శ్రద్ధగా పనిచేసినవాళ్ళు ఎంచుకున్నది 15 నిమిషాలు, దానికి రెట్టింపు విశ్రాంతి. మీ జిమ్ వాళ్ళు 45 నిమిషాలంటున్నారు, విశ్రాంతి ఊసే లేదు.

"సౌనా వాడేవారు ఎక్కువకాలం బతుకుతారు" అని చెప్పేవాళ్ళు చూపించేది ఫిన్లాండ్‌లోని కువోపియో ప్రాంతపు అధ్యయనం. 2015లో వచ్చింది, 2,315 మంది నడివయసు మగవాళ్ళని 20 ఏళ్ళ పాటు గమనించారు. వారానికి 4 నుంచి 7 సార్లు వెళ్ళేవారిలో గుండె మరణాలు తక్కువగా కనబడ్డాయి. కానీ అది రాళ్ళ పొయ్యి సౌనా, ఇన్‌ఫ్రారెడ్ కాదు. పైగా గమనించి చూసినదే, ప్రయోగం కాదు. ఆరోగ్యంగా, తీరిగ్గా ఉన్నవాడే వారానికి అన్నిసార్లు సౌనాకి వెళ్ళగలిగి ఉండొచ్చు కదా.

నా అనుభవంలో నికరంగా కనబడేవి మూడే: వెన్ను, మెడ బిగుతు కొన్ని గంటలపాటు సడలడం, కఠిన వ్యాయామం మర్నాటి కండరాల నొప్పి కాస్త తగ్గడం, నిద్ర. పడుకోవడానికి గంటన్నర రెండు గంటల ముందు కూర్చున్నవారికి నిద్ర త్వరగా పడుతుంది, ఎందుకంటే బయటికొచ్చాక ఒళ్ళు చల్లబడటమే నిద్రకి సూచన. పడుకునే ముందు అరగంటలో కూర్చుంటే ఒళ్ళింకా వేడిగా ఉండి నిద్ర రాదు. టెన్షన్ తగ్గిందని చాలామంది అంటారు, ఫోన్ లేకుండా 15 నిమిషాలు ఒంటరిగా కూర్చున్నందుకే ఆ మేలని నాకో అనుమానం.

ఇంట్లో పెట్టుకునే ఆలోచన ఉన్నట్టు ఓ వాక్యంలో రాశారు. ఆరు నెలలు జిమ్‌లో వాడి చూశాక ఆలోచించండి, ఇళ్ళలో కొన్నవి బట్టలారేసుకునే గదులుగా మారడం చూశాను. కొంటే దానికి విడిగా కరెంటు లైను, సరైన ఎర్తింగ్, 30 మిల్లీయాంపియర్ల లీకేజీకి ఆగిపోయే రక్షణ స్విచ్ (ఆర్‌సీసీబీ) ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మాత్రం తగిలించొద్దు, గంటసేపు అంత లోడుకి వైరు కాగుతుంది. మొదటి కొన్నిసార్లు ఎవరూ కూర్చోకుండా తలుపు తీసి వేడెక్కించండి, జిగురు, పూతల వాసనలు పోతాయి. తలుపుకి గడియ ఉండకూడదు, బయటికి తోస్తే తెరుచుకోవాలి. అయస్కాంత క్షేత్రం గురించి భయపెట్టి ఖరీదైనది అంటగట్టేవారుంటారు. మన ఇళ్ళ కరెంటు ఉండే 50 హెర్ట్జ్ దగ్గర ప్రజలకి అంతర్జాతీయ మార్గదర్శక పరిమితి 200 మైక్రోటెస్లా (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం). కొలిచిన కాగితం చూపించమని అడగండి, అంకె దానికి ఎంత దిగువన ఉందో మీరే చూసుకోండి.

ఇక అమ్మగారి సంగతి. నెదర్లాండ్స్‌లో కీళ్ళవాతం, వెన్ను బిగుసుకుపోయే వ్యాధి ఉన్న 34 మంది మీద ఒక చిన్న అధ్యయనం జరిగింది, 2009లో వచ్చింది. 4 వారాల్లో 8 సార్లు ఇన్‌ఫ్రారెడ్ గదిలో కూర్చోబెడితే కూర్చున్న కాసేపు నొప్పి, బిగుతు తగ్గాయి, వ్యాధి ముదరలేదు, కానీ నిలిచే లాభం గట్టిగా తేలలేదు. అమ్మగారివి వయసుతో అరిగిన మోకాళ్ళయితే అది వేరే జబ్బు. అయినా వేడి ఇచ్చే తాత్కాలిక ఉపశమనం ఆ మోకాళ్ళకీ ఉంటుంది, దానికి మొత్తం ఒంటిని వేడెక్కించాల్సిన పనిలేదు. 70 ఏళ్ళకి దాహం తెలియడం తగ్గుతుంది, లేవగానే బీపీ పడటం పెరుగుతుంది, పడితే తుంటి విరుగుతుంది. ఆవిడకి ఇంట్లోనే వేడినీళ్ళ సంచీ, తువ్వాలు చుట్టి, మోకాలికి 15 నిమిషాలు పెట్టండి. ఆ వెంటనే కుర్చీలో కూర్చుని కాలు చాపి, తొడ కండరం బిగించి, అయిదు లెక్కపెట్టి వదలమనండి, ఒక్కో కాలికి పదిసార్లు. మోకాలు వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉంటే మాత్రం వేడి పెట్టకుండా ముందు డాక్టర్‌కి చూపించండి.

మీరు రెండు పనులు చేసి మళ్ళీ రాయండి: వారంపాటు పొద్దున కూర్చుని ఒకసారి, లేచి నిలబడిన నిమిషానికి ఒకసారి బీపీ చూసి రాసిపెట్టుకోండి. నిలబడగానే పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ పడుతుంటే సౌనా లేకపోయినా డాక్టర్‌కి చెప్పాల్సిన విషయమే. రెండోది, ఆ రెండోరోజు వర్కౌట్ తర్వాత ఎన్ని నిమిషాలకి లోపలికి వెళ్ళారో గుర్తు చేసుకుని చెప్పండి.